గొర్లవ్వ ప్రార్థన మనవులు

మొన్న మా సంఘంలో ఇంటింటి పరిచర్యకు కొత్తగా చేరిన అమ్మాయిలు నన్ను చూడటానికి వచ్చారు. టీ తాగారు, నా మోకాళ్ల నొప్పి ఎలా ఉందని అడిగారు, ఆ తర్వాత అసలు మాట బయటపెట్టారు. ఏ ఇంటికి వెళ్లినా ఒకటే అంటున్నారట. వాక్యం ఫోనులో వస్తోంది, పాటలు ఫోనులో వస్తున్నాయి, మన పాస్టరు కంటే పట్నం పాస్టరు ఇంకా బాగా చెబుతున్నాడు, ఇక ఆదివారం పూట మందిరానికి వచ్చి చాప మీద కూర్చోవడం దేనికి అని. దానికి ఏం జవాబు చెప్పాలమ్మా అని అడిగారు. నాకు ఒళ్లు మండింది. కోపంలో నోరు తెరవకూడదని మా ఆయన బతికుండగా నాకు చాలా కష్టపడి నేర్పాడు కాబట్టి, ఇంకో టీ పెట్టి పంపించేశాను. ఆ జవాబు ఇప్పుడు రాస్తున్నాను. ఎవరి పేరూ రాయను. ఈ సంగతిలో ఉన్నవాళ్లలో చాలామంది ఇంకా అదే చాపల మీద నా పక్కనే కూర్చుంటున్నారు.

నల్లగొండ జిల్లాలో నేను బైబిలమ్మగా పనిచేసి రిటైరయ్యాను. ఈ కాలం పిల్లలకు ఆ ఉద్యోగం ఏమిటో తెలియదు. ప్రసంగం చేసేది పాస్టరు. చెప్పులు అరగదీసేది బైబిలమ్మ. జ్వరమొచ్చిన ఇంట్లో కూర్చోవాలి, బాలింతను చూడాలి, చదువు రాని ఆడవాళ్లకు పాటలు నేర్పాలి, అత్తాకోడళ్లు జుట్లు పట్టుకుంటే నడుమ దూరాలి. నడుమ దూరినందుకు ఇద్దరి చేతా తిట్లు తినాలి.

మా సంఘంలో పిడికెడు బియ్యం అనే పద్ధతి ఉండేది. ఇంటి ఇల్లాలు పొయ్యి మీద ఎసరు పెట్టేముందు ఒక పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేస్తుంది. ఆదివారం ఆ బియ్యాన్ని ఒక గుడ్డలో మూటకట్టి మందిరానికి తెస్తుంది. అందరి బియ్యం ఒక డబ్బాలో పోసి, కొంత పాస్టరు ఇంటికి, కొంత లేనివాళ్లకు ఇచ్చేవాళ్లం. ఖాళీ గుడ్డలన్నీ నేను కిటికీ ఊచలకు వరసగా కట్టేదాన్ని. ఆరాధన అయ్యాక ఎవరి గుడ్డ వాళ్లు విప్పుకొని పోయేవారు. ఎవరి గుడ్డ ఏదో నాకు కంఠతా వచ్చు. ఫలానా పూలగుడ్డ ఊచకు లేదంటే ఆ ఇంట్లో ఏదో అయింది. సోమవారం పొద్దున నా నడక అటే. ఆ బియ్యం వల్ల ఎంతమంది కడుపు నిండిందో నాకు తెలియదు కానీ, నాకు దారి మాత్రం అదే చూపించేది.

ఆ గుడ్డల్లో ఒక ఆకుపచ్చ గళ్ల గుడ్డ గొర్లవ్వది. కేతేపల్లి అవతల ఒక పల్లెలో గొర్లు కాసుకునే కుటుంబం ఆమెది. పెనిమిటి మంచాన పడి చనిపోయినప్పుడు, ఆ పల్లెకు కూలికి పోయే మా సంఘం ఆడవాళ్లు రోజూ వెళ్లి గంజి కాచి పోశారు, బట్టలు ఉతికారు. కర్మకాండలన్నీ అయ్యాక ఆమె ఒక ఆదివారం తన గొంగడి చంకన పెట్టుకొని మందిరానికి వచ్చి, తలుపు దగ్గర పరుచుకొని కూర్చుంది. ఎందుకొచ్చావని అడిగితే, వీళ్లు నా ఇంటికొచ్చిన్రు, నేను వీళ్ల ఇంటికొచ్చిన అంది. ఆమెకు తెలిసిన సిద్ధాంతం అంతే. ఇంట్లో కొడుకూ కోడలూ వాళ్ల దేవుళ్లను వాళ్లు మొక్కుకునేవారు, ఈమెను అడ్డుకోలేదు.

సంఘం ఆమెను నెత్తిన పెట్టుకుందని మీకు అబద్ధం చెప్పను. గొర్రెల వాసన వస్తోందని పక్కకు జరిగి కూర్చున్నవాళ్లు ఉన్నారు. ప్రార్థన మనవులు చెప్పండి అని పాస్టరు అడగ్గానే అందరికంటే ముందు ఈమె లేచేది. ఒక వారం కోడలి నడుం నొప్పి, ఇంకో వారం పొట్ట ఉబ్బిన పొట్టేలు. గొర్రె కోసం కూడా ప్రార్థనా అని పిల్లలు నోరు మూసుకొని నవ్వేవారు. నేనూ నవ్వాను. ఆమె ఏమీ అనుకునేది కాదు. తన మనవి చెప్పి, అందరూ విన్నారని తేల్చుకొని, నింపాదిగా గొంగడి మీద కూర్చునేది.

తర్వాత కరోనా వచ్చింది, మందిరానికి తాళం పడింది. అప్పటికి మాకు ఒక కొత్త పాస్టరు వచ్చాడు. పెళ్లి కాని కుర్రవాడు, ముసలి తల్లితో మందిరం వెనక గదిలో ఉండేవాడు. అతని మీద ఒక్క మాట పడనివ్వను. కరోనాతో పోయినవాళ్లను సొంత అన్నదమ్ములు ముట్టనప్పుడు అతనే మోసి మట్టి చేశాడు. నన్ను అమ్మా అనేవాడు, ఆ మాట నోటి చివరిది కాదు. ఆదివారం పూట సంఘం చెదిరిపోకూడదని తన ఫోను ఒక కర్రకు కట్టి, ఆరాధన అందరి ఇళ్లకూ పంపడం మొదలుపెట్టాడు. చూస్తున్నవాళ్లు నమస్కారం బొమ్మ పెట్టండి అనేవాడు. బొమ్మ వచ్చిన ఇంటివాళ్లను పేరుపేరునా పలకరించేవాడు. ఆ రోజుల్లో ఆ పలకరింపు చాలామందికి ధైర్యమిచ్చింది.

తాళం తీశాక కూడా ఫోను ఆగలేదు. సగం మంది ఇళ్లలోనే ఉండిపోయారు. గుడ్డలూ మూటలూ చేతులు మారడం మంచిది కాదని అప్పుడు ఆపేసిన పిడికెడు బియ్యాన్ని కమిటీ మళ్లీ మొదలుపెట్టలేదు. రేషను బియ్యం అందరికీ వస్తోంది, ఇంకా పాతకాలపు మూటలెందుకు అన్నారు. బియ్యం తేనక్కర్లేదని ఫోనులోనే చెప్పేశారు. నేను అప్పుడు ఊళ్లో లేను. రామన్నపేట వైపు ఒక చిన్న సంఘంలో బైబిలమ్మ చనిపోతే నన్ను కొన్నాళ్లు అక్కడికి పంపారు. నేను తిరిగి వచ్చేసరికి ఎండలు ముదిరాయి.

వచ్చిన మొదటి ఆదివారం మందిరంలో నా కళ్లు కిటికీ మీదికే పోయాయి. ఊచలకు ఒక్క గుడ్డ కూడా లేదు. చాపలు సగం ఖాళీ. తలుపు దగ్గర గొంగడి లేదు. ఆరాధన అయ్యాక గొర్లవ్వ ఏదని అడిగాను. పాస్టరు ముఖం వెలిగిపోయింది. మోకాలి నొప్పి వల్ల నడవలేకపోతోందని, కానీ ఆమె ఒక్క ఆదివారం కూడా తప్పలేదని చెప్పాడు. ఫోను తెరిచి చూపించాడు. ప్రతి వారం ఆ ఇంటి నుంచి నమస్కారం బొమ్మ వచ్చి ఉంది. మందిరానికి వచ్చేవాళ్ల కంటే ఆమే నయం, అందరికీ సాక్ష్యంగా చెబుతున్నాను అన్నాడు. మరి ఎవరైనా వెళ్లి చూశారా అని అడిగాను. వారం వారం మాతోనే ఉంటోంది కదమ్మా అన్నాడు. అతను అబద్ధమాడలేదు, నిజంగానే అలా అనుకున్నాడు.

సోమవారం పొద్దున్నే ఆటో ఎక్కాను. వాళ్ల ఇల్లు ఊరి చివర, పక్కనే గొర్ల దొడ్డి. దొడ్డి ఖాళీగా ఉంది. మేత లేక కొడుకు మందను తోలుకొని సాగర్ కాలువల వైపు వెళ్లిపోయాడట. కోడలు వాకిట్లో పత్తికట్టె విరుస్తోంది. నన్ను చూసి లేవలేదు, రమ్మనలేదు. నేను బైబిలమ్మను అని చెప్పేలోపే ఆమె కట్టె కింద పడేసింది.

"ఇప్పుడు యాదికొచ్చిందా మీకు? వారం వారం మొత్తుకుంటనే ఉన్నది గదా."

ఎవరితో మొత్తుకుంటోందని అడిగాను.

"మీ పాస్టరుతోటి, ఫోన్ల. ఆయన పేరు వెట్టి పిలుస్తడు, ఈమె తన బాధ చెప్తది. మావోళ్లు వస్తరు, అయ్య ప్రార్థన జేస్తడు, అప్పుడు దవాఖానకు పోత అంటది. నేను బతిమిలాడిన, తిట్టిన. ఇనదు."

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక అవ్వ ఎక్కడుందని అడిగాను. రేకుల షెడ్డులోకి వెళ్లాను. ఆ వాసన గొర్రెలది కాదు. నా ఉద్యోగంలో పుండు వాసన నాకు బాగా తెలుసు. గొర్లవ్వ నులక మంచం మీద గోడ వైపు తిరిగి పడుకొని ఉంది. మంచం పక్కన రేకుడబ్బా, ఆదివారాలు ఫోను ఆనించి పెట్టేది దానికే. మోకాలి నొప్పి ఎప్పుడో మరుగున పడిపోయింది. ఒంట్లో షుగరు ఉందని ఎవరికీ తెలియదు. పాదానికి ముల్లు గుచ్చుకొని, పుండై, పాదం నల్లబడి, ఆ నలుపు చీలమండ దాటింది. దానికి చుట్టిన గుడ్డ ఆకుపచ్చ గళ్లది.

ఈ గుడ్డ ఎందుకు కట్టావవ్వా అన్నాను.

"బియ్యం వద్దన్నరంట గదా బిడ్డా. ఇంక దాంతోటి ఏం పని," అంది గోడవైపే చూస్తూ. నా గొంతు గుర్తుపట్టింది. "నువ్వు ఊళ్లె లేవని తెలుసు. నీ మీద నాకు కోపం లేదు. ఉన్నోళ్ల మీదనే."

పక్కన కూర్చుని చెప్పాను. అవ్వా, అది టీవీ లాంటిది, అయ్య మాట నీ దగ్గరికి వస్తుంది కానీ నీ మాట అతని దగ్గరికి పోదు అన్నాను. ఆమె నా వైపు తిరిగింది.

"మరి నా పేరెట్ల దీసిండు? గొర్లవ్వా, వందనాలు, బాగున్నవా అని ఆయనే అడిగె గదా?"

కోడలు నొక్కే నమస్కారం బొమ్మ గురించి చెప్పాను. కోడలు గుమ్మంలో నిలబడి విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఫోను తెరవడం, ఆ బొమ్మ నొక్కడం, అంతవరకే ఆమెకు నేర్పారు. పేరు పెట్టి బాగున్నావా అని అడిగే మనిషికి జవాబు వినపడదని ఆమెకు మాత్రం ఎలా తెలుస్తుంది? పాస్టరుకు ఫోను చేసి పిలవచ్చు కదా అని నన్ను తర్వాత చాలామంది అడిగారు. అన్నీ విని కూడా రాని మనుషులను మళ్లీ ఎవరు పిలుస్తారు? నేనైతే పిలవను.

ఒక నెల, ప్రభువు చివరి భోజనాన్ని తలుచుకునే బల్ల ఆరాధన రోజున, ఎవరి ఇంట్లో వాళ్లు రొట్టె, రసం దగ్గర పెట్టుకోండి అన్నాడట పాస్టరు. కోడలు జొన్నరొట్టె ముక్క, గ్లాసులో బెల్లం నీళ్లు ఇచ్చింది. ఆ దేవుణ్ణి మొక్కని మనిషి ఆ పని చేసింది. నమ్మిన మేమందరం మందిరాల్లో ద్రాక్షరసం తాగుతున్నాం.

ప్రార్థన చేయనిదే లేవనంది గొర్లవ్వ. నా ఉద్యోగంలోకెల్లా పొట్టి ప్రార్థన అదే. అంబులెన్సు వచ్చింది, నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరమ్మ గుడ్డ విప్పి చూసి, ఇన్నాళ్లు ఏం చేస్తున్నారని అడిగింది. మోకాలి పైదాకా కాలు తీయాలి, తీసినా నమ్మకం లేదు, విషం రక్తంలోకి ఎక్కింది అని చెప్పింది.

పాస్టరు సాయంత్రానికి వచ్చాడు. మంచం దగ్గర నిలబడి, అవ్వా, నాకు వినపడలేదు అన్నాడు. బైబిలమ్మ జెప్పింది, నువ్వేం జేస్తవయ్యా అంది ఆమె. తిట్టినా బాగుండేది. అతను వరండాలోకి పోయి గోడకు తల ఆనించి నిలబడ్డాడు. నేను వెళ్లి ఓదార్చలేదు. నాకు అప్పుడు ఎవరినీ ఓదార్చే ఓపిక లేదు.

నేను మళ్లీ మంచం దగ్గర కూర్చున్నాక ఆమె అడిగింది.

"ఇన్ని వారాలు చెప్పినయన్ని యాడికి పోయినయ్ బిడ్డా?"

"దేవుడు ఇన్నడవ్వా."

"ఇంటె ఒక్కలనన్న తోలకపోయెనా?"

"తోలిండేమో. మేమే కదల్లే."

అది ఆమెకు సరిపోయిందో లేదో తెలియదు. కళ్లు మూసుకుంది. నా ఉద్యోగంలో చాలామంది చావు మంచాల దగ్గర కూర్చున్నాను, ఏదో ఒక మాట చెప్పి లేచేదాన్ని. ఆ రోజు మాత్రం లేవకుండా, ఏమేం మనవులు చెప్పావవ్వా, నాకు చెప్పు, నేను వింటాను అన్నాను. ఆమె ఒక్కొక్కటే చెప్పింది. కాలు గురించి చెప్పింది మొదట్లోనే. తర్వాత వారాలన్నీ వేరేవాళ్ల సంగతులు. ఒక బిడ్డను పోగొట్టుకొని మళ్లీ కడుపుతో ఉన్న, మందిరంలో పాటలు ఎత్తే మా పాటల పిల్ల కోసం. కమిటీతో తగువు పడి రావడం మానేసిన వడ్రంగి కోసం. కాలువల కింద మందతో తిరుగుతున్న కొడుకు కోసం. చివరగా ఇంకొకటి చెప్పింది.

"అయ్య వాక్యం జెప్తుంటె ఎనుక ఎవలో దగ్గుతరు. ముసలామె లెక్కున్నది. వారం వారం ఎక్కువైతాంది. జర ఆమెను దవాఖానల చూపియ్యుండ్రి అని ఎన్ని తాపలు చెప్పిన్నో."

మరునాడు కాలు తీశారు. విషం తగ్గలేదు. ఆమె మళ్లీ సరిగా మాట్లాడలేదు, ఒక మధ్యాహ్నం పోయింది. కొడుకు మందను ఎవరికో అప్పగించి వచ్చాడు. గొడవ చేస్తాడని మా కమిటీవాళ్లు భయపడ్డారు. అతను మా వైపు చూడకుండానే ఒక్క మాటన్నాడు. "మీ మనిషినని అంటుండె మా అవ్వ. తీస్కపొండ్రి."

తీసుకుపోయాం. సమాధి మా మగవాళ్లే తవ్వారు. కరోనా తర్వాత మందిరం గడప తొక్కనివాళ్లు కూడా ఆ రోజు వచ్చారు. ఫోనులో చూస్తాంలే అని ఒక్కరూ అనలేదు. తలా పిడికెడు మట్టి వేశారు.

ఆ ఆదివారం మందిరం నిండింది. ప్రార్థన మనవులు ఉన్నవాళ్లు చెప్పండి అని పాస్టరు అడిగాడు. అలవాటుగా అందరం తలుపు వైపు చూశాం. ఎవరూ లేవలేదు. అప్పుడు నేను లేచాను. ఇవి గొర్లవ్వ మనవులు, చాలా వారాలుగా చెబుతోంది, ఇప్పుడు వినండి అన్నాను. పాటల పిల్ల సంగతి చెప్పాను, ఆ పిల్ల చాప మీదే ముఖం దాచుకొని ఏడ్చింది. వడ్రంగి సంగతి చెప్పాను. కొడుకు సంగతి చెప్పాను. ఆఖరున దగ్గు సంగతి చెప్పాను. అయ్య వెనక ఎవరో ముసలామె దగ్గుతోంది, ఆమెను చూపించండి.

వేదిక వెనక పాస్టరు గదికి అడ్డంగా ఒక తెర ఉంటుంది. దగ్గుతో ఆరాధనకు ఇబ్బంది అవుతుందని అతని తల్లి ఆ తెర వెనకే కూర్చుని వినేది. వేదిక అంచున కర్రకు కట్టిన ఫోనుకు ఆ దగ్గు అందింది. డోలకుల మోతలో, ఫ్యాన్ల చప్పుడులో ఇటువైపు కూర్చున్న మాకు ఏనాడూ అందలేదు. నేను ఆ మాట అనగానే మందిరమంతా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో తెర వెనక ఎవరో దగ్గు ఆపుకోవడానికి పెనుగులాడుతున్నట్టు వినిపించింది. ఆపుకోలేక దగ్గింది. చాలాసేపు దగ్గింది. మేమందరం విన్నాం.

పాస్టరు తెర వెనక్కి వెళ్లి తల్లిని చెయ్యి పట్టుకొని తీసుకొచ్చాడు. ఒకే గదిలో ఉంటున్నాం, రోజూ వింటూనే ఉన్నానమ్మా అన్నాడు నాతో. ఆమెకు క్షయ అని తేలింది. మందులు వాడింది, తగ్గింది. ఇప్పుడు తలుపు దగ్గర, గొంగడి పరిచిన చోట కూర్చుంటుంది. ఫోను ఇప్పటికీ ఉంది, నిజంగా కదల్లేనివాళ్లకు అది కావాలి. అయితే ఆదివారం సాయంత్రం ఇద్దరేసి మనుషులు ఆ ఇళ్లకు నడిచి వెళ్లి, వాళ్ల మంచం మీద కూర్చుని వస్తారు. పిడికెడు బియ్యం మళ్లీ వచ్చింది. ఇంతా చేస్తే గొర్లవ్వ తిరిగి రాలేదు, ఆ సంగతి నేనెప్పుడూ మరిచిపోను.

అమ్మాయిలూ, ఇదీ నా జవాబు. ఇంట్లో కూర్చుని వింటే సరిపోదా అని ఈసారి ఎవరైనా అడిగితే వాదన పెట్టుకోకండి. వినడం సరే, నువ్వు దగ్గితే ఎవరు వింటారు అని మాత్రం అడగండి. అడిగి వెంటనే లేచి రాకండి, వాళ్లు దగ్గేదాకా అక్కడే కూర్చోండి.